ఎర్రమంజిల్: అలంకృత సౌధం, సందర్శకుని స్థానం

హైదరాబాదు మెట్రో రైలు ఎరుపు మార్గంలో అమీర్‌పేట, పంజాగుట్ట దాటగానే వచ్చే స్టేషన్ పేరు ఎర్రమంజిల్. 2018 సెప్టెంబరులో ఈ భాగంలో రైళ్లు నడవడం మొదలైనప్పటి నుంచి ప్రయాణికులు రోజూ ఆ పేరు వింటున్నారు. అది ఒక భవనం పేరు. ఆ భవనం స్టేషనుకు సమీపంలోనే, గుట్ట మీద ఉంది. పేరు నగరమంతటికీ తెలుసు. లోపలి మందిరాలను చూసినవారు మాత్రం అరుదు.

ఆసఫ్‌జాహీ కాలపు ఉమరాల భవనాలను గురించిన చర్చ సాధారణంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది: కట్టించినవారి వంశం, భవనం శైలి, గదుల సంఖ్య. ఆ గదులను ఎవరు చూశారు, ఏ హోదాలో చూశారు అనే ప్రశ్న వెనుకబడిపోతుంది. బొమ్మలు వేసిన పైకప్పు గాని, గచ్చుతో తీర్చిన తోరణం గాని అతిథి చూపును ఉద్దేశించి చేసినవే. కాలక్రమంలో ఆ చూపు అతిథి నుంచి ఉద్యోగికి, విద్యార్థికి, రుసుము చెల్లించే పర్యాటకునికి మారింది. ఈ మార్పును పంజాగుట్టలోని ఎర్రమంజిల్ ఆధారంగా, పునరుద్ధరణ పొందిన మరి రెండు హైదరాబాదు సౌధాలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. సౌధానికి చట్టరక్షణ, భౌతిక సంరక్షణ, ప్రజాసందర్శన అనేవి మూడు వేర్వేరు విషయాలనీ, ఒకటి లభించినంత మాత్రాన తక్కిన రెండూ సమకూరవనీ ఈ పరిశీలనలో తేలుతుంది.

పేరులోని రెండు భాషలు

అమీర్‌పేట, బేగంపేట, పంజాగుట్ట అనే మూడు పేర్లూ మిశ్రసమాసాలు. మొదటి రెండింటిలో పూర్వపదాలు ప్రభువర్గానికి సంబంధించినవి. ఉత్తరపదం తెలుగు ‘పేట’. మూడవదానిలో ‘పంజా’ అంటే హస్తం, ‘గుట్ట’ తెలుగు. పాలకుల భాష, నేల భాష ఒకే పేరులో ఇమిడిపోవడం ఈ ప్రాంతపు స్థలనామాల ప్రధాన లక్షణం.

ఎర్రమంజిల్ ఈ వరుసలోనిదే అయినా దాని నిర్మాణం మరింత ఆసక్తికరం. ‘మంజిల్’ అంటే భవనం. పూర్వపదానికి రెండు వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి ‘ఇరం’. పారశీక కవితా సంప్రదాయంలో ఇరం స్వర్గతుల్యమైన ఉద్యానం. షిరాజ్ నగరంలో ఈ పేరుతో ప్రసిద్ధమైన తోట నేటికీ ఉంది. రెండవది తెలుగు ‘ఎర్ర’. గుట్టను స్థానికులు ఎర్రని నేల పేరుతో పిలిచేవారనీ, కట్టించిన నవాబు ఆ పిలుపును కాదనకుండా దానికి దగ్గరగా వినిపించే పారశీక పదాన్ని ఎన్నుకొన్నాడనీ, భవనానికి ఎరుపు రంగు వేయించాడనీ జనశ్రుతి.

సాధారణంగా జానపద వ్యుత్పత్తి అన్యభాషాపదానికి తరువాత అంటుకొనేది. పరాయి మాట అర్థం కానప్పుడు జనం దానిని తమ భాషలోని మాటకు దగ్గర చేసుకొంటారు. ఇక్కడ జనశ్రుతి చెప్పే క్రమం తలకిందులుగా ఉంది: తెలుగు మాట ముందు, పారశీక పదం తరువాత. ఈ క్రమం చారిత్రకంగా ఎంతవరకు నిజమన్నది వేరు ప్రశ్న. నవాబు భవనం పేరులో తమ నేల పేరు ముందుగా ఉందని చెప్పుకోవడం ద్వారా స్థానికులు ఆ సౌధంపై భాషాపరమైన హక్కును నిలుపుకొన్నారన్నది మాత్రం స్పష్టం. లోపలికి ప్రవేశం లేనివారికి పేరులో ప్రవేశం దొరికింది.

దీనితో ‘కోఠి’ని పోల్చి చూడవచ్చు. కోఠి అంటే పెద్ద భవనం. బ్రిటిష్ రెసిడెంటు నివసించిన సౌధం వల్ల ఆ పరిసరాలన్నింటికీ ఆ పేరు వచ్చింది. అక్కడ భవనం నేలకు పేరునిచ్చింది. పంజాగుట్టలో, జనశ్రుతిని బట్టి, నేలే భవనానికి పేరునిచ్చింది.

నిర్మాత, అతిథి

ఎర్రమంజిల్‌ను కట్టించినవాడు నవాబు సఫ్దర్ జంగ్ ముషీరుద్దౌలా ఫక్రుల్ముల్క్. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన ప్రముఖుడు. నేటి నిజాం కళాశాల ప్రధాన భవనం ఒకప్పుడు ఆయన నివాసమైన అసద్‌బాగ్. ఎర్రగడ్డలో ఛాతీ వ్యాధుల ఆసుపత్రి ఆవరణలోని ఇర్రంనుమా కూడా ఆయన కట్టించినదే. ‘ఇరం’, ‘ఎర్ర’ అనే ధ్వనుల జత పంజాగుట్టలోనూ ఎర్రగడ్డలోనూ పునరావృతం కావడం గమనించదగినది. ఒక వ్యక్తికి చెందిన మూడు భవనాల్లో ఒకటి కళాశాలగా, ఒకటి ఆసుపత్రిగా, ఒకటి ప్రభుత్వ కార్యాలయంగా మారడం హైదరాబాదు సౌధాల అనంతర చరిత్రకు చక్కని సంగ్రహం.

ఎర్రమంజిల్ యూరోపియన్ బరోక్ శైలిలో కట్టిన భవనం. నూటయాభైకి పైగా గదులు ఉండేవని ప్రసిద్ధి. ఎత్తైన స్తంభాలు, తోరణాలు, గచ్చుతో చేసిన పూలతీగలు, ఉబ్బెత్తు అలంకరణలు దాని ముఖ్య లక్షణాలు. ఫ్రెంచి రాజు పదహారవ లూయీ కాలపు పద్ధతిలో చేసిన సామగ్రితో గదులను అలంకరించేవారు. పరిసరాల్లో పోలో మైదానం, గోల్ఫ్ మైదానం, గుర్రపుశాలలు, పాడిశాల ఉండేవి.

ఈ వివరాలన్నీ ఒకే విషయాన్ని సూచిస్తాయి. ఈ భవనం అతిథిని ఆహ్వానించడానికి కట్టినది. పాతనగరంలోని దేవిడీ ఎత్తైన ప్రహరీ వెనుక, మర్దానా, జనానా భాగాలుగా విడిపోయి, వీధికి తన ముఖం చూపకుండా ఉండేది. గుట్ట మీది మంజిల్ అందుకు భిన్నంగా దూరం నుంచే తన ముఖాన్ని చూపుతుంది. బండి వచ్చి ఆగే వాకిలి, మెట్లు, విశాలమైన మందిరం, విందుశాల అనే క్రమం అతిథి నడకను అనుసరించి రూపొందినది. అలంకరణ ఆ నడకకు వ్యాఖ్యానం వంటిది. అతిథి తల ఎత్తే చోట పైకప్పు సింగారం ఉంటుంది. ఆగే చోట తోరణం ఉంటుంది. అందువల్ల సందర్శకుడు ఈ తరహా సౌధానికి తరువాత వచ్చి చేరినవాడని అనుకోవడం పొరపాటు. అతడు దాని రూపకల్పనలోనే ఉన్నాడు. అయితే ఆనాడు ఆ స్థానం పిలుపు అందినవారికే పరిమితం.

గచ్చు, సున్నం, రంగు

అలంకృత సౌధాల వర్ణనల్లో ‘ఫ్రెస్కో’ అనే మాట నేడు విరివిగా కనిపిస్తుంది. గోడ మీద, కప్పు మీద రంగులతో ఏది కనిపించినా ఫ్రెస్కో అనడం వాడుక. శాస్త్రపరిభాషలో దాని అర్థం పరిమితమైనది. ఫ్రెస్కో అనే ఇటాలియన్ మాటకు ‘తాజా’ అని అర్థం. తడి ఆరని సున్నపు పూత మీద నీటిలో కలిపిన రంగుతో వేసేది ఫ్రెస్కో. పూత ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తిరిగి సున్నపురాయిగా మారుతుంది. రంగు ఆ రాతిపొరలో భాగమైపోతుంది. పూత ఆరిన తరువాత జిగురుతో గాని నూనెతో గాని కలిపిన రంగుతో వేస్తే అది వేరే పద్ధతి. అక్కడ రంగు పొర పూత మీద నిలుస్తుంది, పూతలో కలవదు. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పుల నుంచి పంతొమ్మిదో శతాబ్దపు నవాబుల మందిరాల వరకు అన్నింటికీ వర్తించే మాట కావాలంటే ‘కుడ్యచిత్రం’, ‘కప్పుచిత్రం’ అన్నవి మేలు. ఫ్రెస్కో అనే మాటను పద్ధతి నిర్ధారణ అయిన చోట వాడడమే సమంజసం.

ఈ భేదానికి ఆచరణలో ప్రాముఖ్యం ఉంది. రంగు ఏ విధంగా నిలిచిందో తెలియకుండా శుభ్రం చేయడానికి పూనుకొంటే తడిబట్ట తుడుపుకే పొర లేచిపోవచ్చు. అన్ని పద్ధతులకూ ఆధారం ఒక్కటే, సున్నపు గచ్చు. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో నూరి తయారు చేసే సున్నానికి బెల్లం నీరు, కరక్కాయ కషాయం వంటివి చేర్చడం ఈ ప్రాంతపు మేస్త్రీల సంప్రదాయం. డంగు సున్నమని వాడుకలో పిలిచే ఈ పూత నెమ్మదిగా గట్టిపడుతుంది. గోడలోని తేమను ఆవిరిగా బయటికి పోనిస్తుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన తేమ లవణాలను కరిగించి మరోచోట ఉపరితలానికి తెస్తుంది. అవి స్ఫటికాలుగా మారి పూతను, దానితో పాటు రంగును నెట్టేస్తాయి. మరమ్మతు చేసిన చోట గోడ గట్టిగా ఉండి, పక్కనున్న పాత అలంకరణ రాలిపోవడం ఈ కారణం వల్లనే.

సౌధం కార్యాలయంగా మారినప్పుడు ఎదురయ్యే ప్రమాదం కూడా ఇటువంటిదే. కార్యాలయానికి కావలసింది గది, సింగారం కాదు. గోడకు వెల్ల వేయడం, పెద్ద మందిరాన్ని అడ్డుగోడలతో విడదీయడం, తీగల కోసం గచ్చులో రంధ్రాలు తొలవడం పరిపాలన దృష్టిలో నిర్వహణ పనులు. కళాచరిత్ర దృష్టిలో అవి ఒక పాఠం మీద మరొక పాఠం రాయడం వంటివి. తాళపత్రం మీది పాఠాన్ని పరిష్కరించే పండితుడు ప్రక్షిప్తాన్ని గుర్తించి వేరు చేసినట్లే, సంరక్షకుడు వెల్లపొరల కింద తొలి రంగును వెదకాలి. పరిష్కర్త వలెనే అతడు కూడా లేనిదానిని ఊహించి పూరించడానికి తొందరపడకూడదు.

పునరుద్ధరణ పొందిన రెండు సౌధాలు

ఎర్రమంజిల్ పొందవలసిన పునరుద్ధరణ ఎటువంటిదో తెలుసుకోవడానికి నగరంలోనే రెండు నమూనాలు ఉన్నాయి. మొదటిదానికి బేగంపేటతో సంబంధం ఉంది. పైగా వంశీయుడైన సర్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న ఫలక్‌నుమా భవనానికి శంకుస్థాపన చేశాడు. సుమారు తొమ్మిదేళ్లు సాగిన ఆ నిర్మాణం ఆయన ఆర్థికస్థితిని కుంగదీసింది. భవనం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వశమైన తరువాత వికారుల్ ఉమ్రా బేగంపేటలో మరొక భవనం కట్టుకొన్నాడు. అదే పైగా ప్యాలెస్. చిత్రించిన పైకప్పులకు పేరుపొందిన సౌధాన్ని వదలుకొన్న ప్రభువు చివరికి అమీర్‌పేట పొరుగుకే చేరాడు.

ఫలక్‌నుమా కొన్ని దశాబ్దాలు దాదాపు మూతబడి ఉంది. నిజాం కుటుంబానికి చెందిన ఎస్రా పర్యవేక్షణలో తాజ్ హోటళ్ల సంస్థ పదేళ్లకు పైగా శ్రమించి దానిని పునరుద్ధరించింది. 2010 నవంబరులో అది హోటలుగా ప్రారంభమైంది. కప్పుచిత్రాలు, చెక్కడపు పనులు, నూటొక్కమంది కూర్చోగల విందుబల్ల తిరిగి వెలుగు చూశాయి. ఇక్కడ సందర్శకుడు మళ్లీ అతిథి అయినాడు. అయితే ఆతిథ్యానికి వెల ఏర్పడింది. ఆనాటి ఆహ్వానపత్రం చేసిన పనిని నేడు రుసుము చేస్తుంది. కళ నిలిచిందన్నది వాస్తవం; చూసేవారి పరిధి సంకుచితంగానే ఉందన్నదీ వాస్తవం.

రెండవ నమూనా కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ రూపకల్పనతో 1803లో ఈ నిర్మాణం మొదలైంది. 1949లో ఇది మహిళా కళాశాలకు నెలవైంది. వలసాధికార ప్రదర్శనకు కట్టిన దర్బారు మందిరం తెలుగు, ఉర్దూ కుటుంబాల ఆడపిల్లలు చదువుకొనే ఆవరణగా మారింది. 2002లో ప్రపంచ స్మారక నిధి దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తరువాత ఆ సంస్థ, రాష్ట్ర పురావస్తు శాఖల సహకారంతో పునరుద్ధరణ సాగింది. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, నేడు చాకలి ఐలమ్మ పేరు మోస్తున్నది. రెసిడెంటు మెట్లెక్కిన చోట ఒక పోరాటయోధురాలి పేరు నిలవడం భవనం అర్థాన్నే మార్చివేసింది. ఇక్కడ సందర్శకునికి ముందు విద్యార్థిని ఉంది. భవనం ఆమెకు దినచర్యలో భాగం.

ఈ రెండింటి మధ్య తేడా ధనానిది మాత్రమే కాదు. మొదటిది గతాన్ని అనుభవంగా అందిస్తుంది. రెండవది గతాన్ని వర్తమాన ప్రయోజనంతో కలుపుతుంది. ఎర్రమంజిల్ ప్రభుత్వ ఆస్తి కనుక రెండవ నమూనాకే దగ్గరగా ఉంది.

2019: కూల్చివేత నిర్ణయం, తీర్పు

స్వాతంత్ర్యానంతరం ఎర్రమంజిల్ ప్రభుత్వ అధీనంలోకి వచ్చి, రోడ్లు భవనాలు, నీటిపారుదల శాఖలకు సంబంధించిన కార్యాలయాలకు ఆవాసమైంది. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ 1981 నాటి మండలీకరణ నిబంధనల్లోని 13వ నిబంధన కింద వారసత్వ భవనాల జాబితా రూపొందింది. అందులో ఎర్రమంజిల్ చోటుచేసుకొంది. ఆ సంస్థ కార్యాలయం చాలాకాలం బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లోనే ఉండేది. వారసత్వ భవనాల రక్షణకు జాబితా నిర్వహించిన సంస్థ తానే ఒక వారసత్వ సౌధంలో పనిచేయడం విశేషం. 2008 నుంచి 2023 వరకు ఆ సౌధం అమెరికా కాన్సులేటు కార్యాలయమైంది. దానితో దాని వాకిలి భద్రతావలయం వెనుకకు వెళ్లింది.

2015లో రాష్ట్రప్రభుత్వం 13వ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఈ సంధికాలంలో, పాత జాబితాలోని భవనాలకు రక్షణ కొనసాగుతుందా అనే సందేహం మిగిలింది. 2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం ఎర్రమంజిల్ స్థలంలో కొత్త శాసనసభా సముదాయం నిర్మించాలని నిర్ణయించింది. అదే నెలలో భూమిపూజ జరిగింది. నవాబు వారసులు, వారసత్వ పరిరక్షణాభిమానులు హైకోర్టును ఆశ్రయించారు. 2019 సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్రసింగ్ చౌహాన్ నేతృత్వంలోని ధర్మాసనం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. జాబితాలో చేరిన భవనం విషయంలో పాటించవలసిన ప్రక్రియను విస్మరించి కూల్చివేతకు పూనుకోవడాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు.

ఈ వివాదంలో రెండు పక్షాల వాదాలనూ తేలికగా కొట్టివేయలేము. శాసనసభ ప్రజల సభ. దానికి తగిన స్థలం కావాలనడం సహేతుకమే. ఒక నవాబు విలాసభవనాన్ని ప్రజాధనంతో ఎందుకు కాపాడాలి అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పవలసి ఉంది. ఆ జవాబు నవాబు గొప్పదనంలో దొరకదు. సున్నం నూరినవారు, గచ్చు తీర్చినవారు, రంగు కలిపినవారు పేర్లు లేకుండా పోయారు. వారి పని ఒక్కటే మిగిలింది. భవనం పోతే వారి సంతకం కూడా పోతుంది. రాజ్యాంగం 49వ అధికరణం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాల రక్షణను రాజ్యం బాధ్యతగా చెప్పింది. 51ఎ అధికరణం సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని పరిరక్షించడం ప్రతి పౌరుని విధి అంటుంది. ‘ఎర్ర’, ‘ఇరం’ అనే రెండు పదాలు ఒకదానిలో ఒకటి ఒదిగిన భవనం కంటే ఆ సమ్మిశ్ర సంస్కృతికి మెరుగైన ఉదాహరణ దొరకడం కష్టం.

రక్షణ, సంరక్షణ, సందర్శన

తీర్పు కూల్చివేతను ఆపింది. వానను ఆపడం తీర్పుల పని కాదు. పైకప్పు మీద మొలిచిన రావిమొక్క వేరు న్యాయస్థానపు ఆదేశాన్ని గుర్తించదు. చట్టరక్షణ పొందిన భవనం సంరక్షణ లేక శిథిలమైతే, కూల్చివేత నిర్ణయం అమలైన ఫలితమే నెమ్మదిగా వస్తుంది. తేడా ఏమిటంటే అప్పుడు బాధ్యుడు కనిపించడు.

సంరక్షణకు తొలిమెట్టు నమోదు. గదుల కొలతలతో చిత్రపటాలు తీయడం, గచ్చు అలంకరణల జాబితా చేయడం, వెల్లపొరలను చిన్న చిన్న చోట్ల విప్పి తొలి రంగులను నిర్ధారించడం, సున్నపు మిశ్రమాన్ని పరీక్షించడం జరగాలి. జనశ్రుతిలోని ఎరుపు నిజమో కాదో ఆ పొరలే చెప్పగలవు. ఈ విధంగా ఒక స్థలనామ సమస్యకు సమాధానం నిఘంటువులో కాక గోడలో లభించే అవకాశం ఉంది. తెలుగు శాఖల పరిశోధకులకు ఇందులో నేరుగా పని ఉంది. దస్తావేజుల్లోని ఉర్దూ, పారశీక రూపాలను, స్థానికుల నోట నిలిచిన తెలుగు రూపాలను పక్కపక్కన సేకరించడం, ఆ భవనంలో పనిచేసిన ఉద్యోగుల జ్ఞాపకాలను, మేస్త్రీల వృత్తిపదాలను నమోదు చేయడం వాస్తుశిల్పులు ఒంటరిగా చేయగల పనులు కావు.

చివరిది సందర్శన. కోఠి అనుభవం చూపినట్లు, భవనం ఒక విద్యాప్రయోజనంతో ముడిపడినప్పుడు చూసేవారు సహజంగానే ఏర్పడతారు. అలంకరణ బాగుపడిన తరువాతనే ప్రజలను రానివ్వాలనుకోవడం కంటే, సురక్షితమైన భాగాలను నిర్ణీత దినాల్లో చూపుతూ పని సాగించడం మేలు. సగం విప్పిన వెల్లపొర, దాని కింద కనిపించే పాత రంగు పూర్తిగా మెరుగుపెట్టిన మందిరం కంటే విద్యార్థికి ఎక్కువ చరిత్ర చెబుతాయి.

గుట్ట కింది స్టేషనులో ఆ పేరు రోజూ వినిపిస్తూనే ఉంది. నూరేళ్లకు పైగా పేరు మాత్రమే తమదిగా మిగిలినవారికి ఇకనైనా మెట్లెక్కి, ఆ మందిరంలో నిలబడి, తల ఎత్తి చూసే హక్కు లభించాలి. సౌధ పునరుద్ధరణ సఫలమైందని చెప్పడానికి అది ప్రధానమైన ప్రమాణం.